హాట్‌స్పాట్ ఆన్ అవుతుంది, ఫోన్ కనెక్ట్ అవుతుంది, నెట్ మాత్రం రాదు: లాన్ వైరు నెట్‌ని పీసీ నుంచి వైఫైగా పంచే సంగతి

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే మీకే తెలిసిపోతుంది. కూకట్‌పల్లిలో ముగ్గురు ఉండే గది. రూటర్ లేదు. లోకల్ కేబుల్ నెట్ వాళ్ల లాన్ వైరు కిటికీలోంచి వచ్చి నేరుగా మీ డెస్క్‌టాప్‌లోకి వెళ్తుంది. విండోస్ 10. పీసీకి వైఫై లేదని చిన్న యూఎస్‌బీ డాంగిల్ కొన్నారు. మొబైల్ హాట్‌స్పాట్ ఒక్కోసారి ఆన్ అవుతుంది, ఒక్కోసారి ఈథర్‌నెట్, వైఫై, సెల్యులర్ కనెక్షన్ ఏదీ లేదు కాబట్టి హాట్‌స్పాట్ పెట్టలేను అంటుంది. ఆన్ అయిన రోజు కూడా ఫోన్‌లో 'కనెక్టెడ్, నో ఇంటర్నెట్'. పీసీలో మాత్రం నెట్ భేషుగ్గా నడుస్తోంది. డాంగిల్ వాపస్ ఇచ్చేసి ఇంకోటి తెచ్చుకోవాలా అని అడుగుతున్నారు.

వద్దు, డాంగిల్‌ది తప్పు కాదు. మీరు రాసినదాంట్లో అసలు ముక్క చివర్లో ఉంది, 'పొద్దున్నే పీసీ ఆన్ చేశాక బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ మీద నొక్కి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇస్తాను' అన్నారు చూడండి, అది. అంటే మీకు నెట్ వచ్చేది లాన్ వైరు మీద కాదు, ఆ వైరు మీద నడిచే డైలర్ మీద. విండోస్ లెక్కలో అవి రెండూ వేర్వేరు కనెక్షన్లు. మీ హాట్‌స్పాట్ పంచుతున్నది ఈథర్‌నెట్‌ని, అంటే ఉత్త లాన్ వైరుని, నీళ్లు వచ్చేదేమో ఇంకో పైపులో. ఖాళీ పైపు నుంచి పక్కింటికి లైను ఇచ్చి కుళాయి పాడైందనుకున్నట్టుంది వ్యవహారం. ఇలా అడిగేవాళ్లలో ఎక్కువమందికి గొడవ వైఫైలో ఉండదు, ఏ కనెక్షన్‌ని పంచుతున్నామన్న దగ్గరే ఉంటుంది. అందుకే బటన్ ఎక్కడుందో చెప్పేముందు ఇదే అడుగుతాను: మీ పీసీకి నెట్ ఏ దారిన వస్తోంది?

మన దగ్గర మూడు రకాలు కనిపిస్తాయి. ఒకటి, వైరు గుచ్చగానే ఏమీ అడగకుండా నెట్ వచ్చేది. ఇంట్లో రూటర్ ఉండి దాన్నుంచి వైరు లాగినా, ఆఫీసు లాన్ అయినా ఇలాగే ఉంటుంది. దీనికి హాట్‌స్పాట్ రెండు నిమిషాల పని. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అందులో మొబైల్ హాట్‌స్పాట్, పైన ఏ కనెక్షన్ పంచాలో అడిగే చోట ఈథర్‌నెట్, ఎడిట్ నొక్కి పేరు, కనీసం 8 అక్షరాల పాస్‌వర్డ్, ఆన్. అంతే. రెండోది, బ్రౌజర్ తెరిస్తే లాగిన్ పేజీ వచ్చేది. హాస్టళ్లలో, పీజీల్లో ఎక్కువ. పీసీలో లాగిన్ అయ్యాక ఇదీ మొదటి రకం లాంటిదే, దానికున్న తలనొప్పులు తర్వాత చెప్తాను. మూడోది మీది, పీపీపీఓఈ డైలర్, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇచ్చి డయల్ చేస్తేనే నెట్ వచ్చేది. యూట్యూబ్‌లో హాట్‌స్పాట్ వీడియోలు చేసేవాళ్లు దాదాపు అందరూ మొదటి రకం పెట్టుకుని చేస్తారు, అందుకే వాళ్లకు వస్తుంది, మీకు రాదు.

ఇంకొంచెం లోపలికి వెళ్దాం, లేకపోతే కింద చెప్పేవి గుడ్డిగా చేయాల్సి వస్తుంది. హాట్‌స్పాట్ అనే బటన్ వెనక రెండు పనులు ఉన్నాయి. మీ డాంగిల్ చేత ఒక చిన్న రూటర్‌లాగా పేరు ప్రసారం చేయించడం ఒక పని. ఆ పేరుకి కనెక్ట్ అయిన ఫోన్లకు ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తుపట్టే నంబర్లు) ఇచ్చి, వాటి ట్రాఫిక్ అంతా పీసీ పేరు మీద బయటికి పంపించడం ఇంకో పని. ఈ రెండోదాని పేరు ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్, ఇది కొత్తదేం కాదు, 1999లో విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌తోనే వచ్చింది. నేను తెనాలిలో నెట్ సెంటర్ నడిపిన రోజుల్లో మోడెమ్ ఉన్న ఒక మెషీన్, దాని మీద ఈ షేరింగ్, దానివెనక స్విచ్‌కి తగిలించిన ఇంకో ఐదు మెషీన్లు, ఇదే నా వ్యాపారం. ఆ ఒక్క మెషీన్ హ్యాంగ్ అయితే ఐదుగురూ ఒకేసారి తలలెత్తి నావైపు చూసేవాళ్లు. ఒకసారి పనికుర్రాడు తుడుస్తూ తుడుస్తూ దాని స్విచ్ ఆపేశాడు, అప్పుడే ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి వచ్చినవాళ్లు షాపు నిండా ఉన్నారు. ఆ రోజు నుంచి ఆ మెషీన్ మీద 'ఇది ఆపరాదు' అని స్కెచ్ పెన్‌తో రాసి అంటించాను. ఇప్పుడు మీ డెస్క్‌టాప్ కూడా అలాంటి మెషీనే, అది ఆగితే మీ రూమ్మేట్ల నెట్ ఆగుతుంది, ఆ కాగితం మీరూ అంటించుకోవచ్చు.

మొదటి పని, అంటే వైఫైతో పేరు ప్రసారం చేయడం, విండోస్ 7తో 2009లో మొదలైంది. అప్పట్లో కమాండ్ కొట్టి ఆన్ చేసేవాళ్లం, దాన్ని హోస్టెడ్ నెట్‌వర్క్ అనేవాళ్లు. ఇప్పుడున్న బటన్ విండోస్ 10కి 2016 ఆగస్టులో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్‌తో వచ్చింది, అది వాడేది వైఫై డైరెక్ట్ అనే వేరే పద్ధతి. ఈ తేడా ఎందుకు చెప్తున్నానంటే, పాత వ్యాసాలు చూసి డ్రైవర్ వివరాలు చూపించే కమాండ్ కొట్టి, అందులో 'హోస్టెడ్ నెట్‌వర్క్ సపోర్టెడ్: నో' అని కనపడగానే నా కార్డు పనికిరాదు అని నిర్ణయించేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కొత్త డ్రైవర్లు చాలావాటిలో అది నో అనే ఉంటుంది. ఆ లైను పాత పద్ధతి గురించి, బటన్ దానితో సంబంధం లేకుండా పనిచేయొచ్చు.

ఇక మీ పని. ముందు డైలర్ కనెక్ట్ చేయండి, పీసీలో నెట్ వస్తోందని చూసుకోండి. తర్వాత హాట్‌స్పాట్ పేజీకి వెళ్లి ఏ కనెక్షన్ పంచాలి అనే జాబితాలో డైలర్ పేరు ఉందేమో చూడండి. ఉంటే దాన్నే ఎంచుకుని ఆన్ చేయండి, మీ కథ అక్కడితో సుఖాంతం. లేకపోతే ఈథర్‌నెట్ పెట్టే ఆన్ చేయండి. ఆన్ అయింది కదా, ఇప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కితే వచ్చే రన్ పెట్టెలో ఎన్-సీ-పీ-ఏ, చుక్క, సీ-పీ-ఎల్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. మీ కనెక్షన్లన్నీ బొమ్మల్లాగా కనిపించే కిటికీ వస్తుంది. అందులో ఈథర్‌నెట్ ఒకటి, డైలర్ ఒకటి, వైఫై ఒకటి, వీటితోపాటు 'లోకల్ ఏరియా కనెక్షన్' అని రాసి పక్కన నక్షత్రం గుర్తు, ఒక అంకె ఉన్నది ఇంకొకటి ఉంటుంది. అంకె 10 ఉండొచ్చు, 3 ఉండొచ్చు, దాన్ని పట్టించుకోకండి. దాని కింద మైక్రోసాఫ్ట్ వైఫై డైరెక్ట్ వర్చువల్ అడాప్టర్ అని ఉంటుంది. అదే మీ హాట్‌స్పాట్. హాట్‌స్పాట్ ఆపేస్తే అది కనిపించదు, అందుకే ముందు ఆన్ చేయమన్నాను.

ఇప్పుడు ఈథర్‌నెట్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, పైన షేరింగ్ అనే ట్యాబ్. అక్కడ టిక్ ఉంటే తీసేయండి. విండోస్ ఒకసారికి ఒక్క కనెక్షన్‌నే పంచనిస్తుంది, ఈథర్‌నెట్ ఆ సీటు పట్టుకుని కూర్చుంటే డైలర్‌కి చోటు ఉండదు. తర్వాత డైలర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్, మొదటి గడిలో టిక్ పెట్టండి. దాని కింద హోమ్ నెట్‌వర్కింగ్ కనెక్షన్ అని ఒక జాబితా, అందులో ఆ నక్షత్రం ఉన్న కనెక్షన్‌ని ఎంచుకోండి. చాలామంది ఇక్కడే 'వైఫై' అని ఉన్నదాన్ని ఎంచుకుంటారు, పేరు చూస్తే అదే సబబుగా అనిపిస్తుంది మరి. కాదు. వైఫై అని ఉన్నది మీ డాంగిల్ వేరే వైఫైకి కనెక్ట్ అవ్వడానికి, నక్షత్రం ఉన్నది మీరు ఇతరులకు ఇవ్వడానికి. ఓకే నొక్కితే అడాప్టర్ అడ్రస్ 192.168.137.1గా మారుతుంది అని ఒక హెచ్చరిక రావచ్చు, భయపడక్కర్లేదు, ఎస్ అనండి. ఆ అంకె మాత్రం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనిపడుతుంది. ఫోన్‌లో వైఫై ఒకసారి ఆపి మళ్లీ కనెక్ట్ చేసి చూడండి.

మీరు చెప్పిన రెండో ఇబ్బంది, అసలు బటనే ఆన్ కాకపోవడం, అదీ ఈ డైలర్ వల్లే. ఈథర్‌నెట్ మీద నెట్ లేదు కాబట్టి పంచడానికి ఏమీ లేదు అనుకుంటుంది విండోస్. దీనికో చిట్కా ఉంది. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పీసీకి తగిలించి ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే విండోస్‌కి పంచడానికి ఒక కనెక్షన్ దొరుకుతుంది, హాట్‌స్పాట్ ఆన్ అవుతుంది. అప్పుడు పైన చెప్పినట్టే షేరింగ్‌ని డైలర్ మీదికి మార్చేయండి. టిక్ తీయాల్సింది మాత్రం ఈసారి టెథరింగ్ కనెక్షన్ మీద. ఇది పని జరిపించుకునే చిట్కా, రోజూ పొద్దున్నే చేయాలంటే విసుగొస్తుంది. ఇంకో దారి, మీ డాంగిల్ డ్రైవర్ పాత హోస్టెడ్ నెట్‌వర్క్ పద్ధతిని ఒప్పుకునేదైతే కమాండ్‌తో ఆన్ చేయడం. ఆ పద్ధతి నెట్ ఉందా లేదా అని అడగదు, పేరు ప్రసారం మొదలుపెడుతుంది, పంచడం సంగతి మీరు పైన చెప్పిన కిటికీలో చూసుకోవాలి.

వీటన్నిటికంటే మంచి దారి ఇంకోటుంది, దానికి విండోస్‌తో సంబంధమే లేదు. మీ గదికి వచ్చే వైరు ఎక్కడినుంచి వస్తోందో ఒకసారి చూడండి. మెట్ల దగ్గరో, ఓనర్ ఇంటి పక్కనో, ఫైబర్ వచ్చి చేరే చిన్న తెల్ల డబ్బా మీ కనెక్షన్‌కే ప్రత్యేకంగా ఉంటే, ఆ డబ్బా చేతే డయలింగ్ చేయించొచ్చు. ఇప్పుడది బ్రిడ్జ్ మోడ్‌లో ఉంది, అంటే ఉత్త వంతెన, అందుకే మీ పీసీ డయల్ చేయాల్సి వస్తోంది. కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి 'డబ్బాలోనే పీపీపీఓఈ పెట్టు తమ్ముడూ, రూటర్ మోడ్ చెయ్' అంటే ఐదు నిమిషాల పని, చాలామంది చేసేస్తారు. అప్పుడు మీ పీసీ మొదటి రకంలోకి వచ్చేస్తుంది, డైలర్ అక్కర్లేదు, హాట్‌స్పాట్ బటన్ మామూలుగా పనిచేస్తుంది. ఇంకో విషయం, ఆ డబ్బాల్లో కొన్నిటికి వైఫై కూడా ఉంటుంది, ఆపేసి ఉంటుంది అంతే. మా మరదలి వాళ్లింట్లో పీసీ హాట్‌స్పాట్ కోసం ఓ ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని, సాయంత్రం టీ తాగుతూ డబ్బా తిప్పి చూస్తే పక్కన డబ్ల్యూలాన్ అని చిన్న బటన్ ఉంది. నొక్కాను, లైటు వెలిగింది. అంతసేపు నేను చేసిన పనికి ఎవరికీ ఏం చెప్పాలో తెలియలేదు.

సరే, ఇవన్నీ చేశాక కూడా రాకపోతే ఎక్కడ ఆగిందో ఫోనే చెప్తుంది, వినడం తెలియాలి అంతే. ఫోన్‌లో మీ హాట్‌స్పాట్ పేరే కనిపించకపోతే అది రేడియో గొడవ. ఎక్కువసార్లు హాట్‌స్పాట్ 5 గిగాహెర్ట్జ్‌లో ఉంటుంది, ఫోన్ 2.4 మాత్రమే తెలిసిన పాతదై ఉంటుంది. హాట్‌స్పాట్ ఎడిట్‌లో నెట్‌వర్క్ బ్యాండ్ అని ఉంటుంది, అక్కడ 2.4 పెట్టండి. పేరు కనిపిస్తోంది, నొక్కితే 'ఐపీ అడ్రస్ తీసుకుంటోంది' అని తిరుగుతూ తిరుగుతూ ఆగిపోతోందా, అప్పుడు రేడియో బానే ఉంది, పీసీలో అడ్రసులు పంచే సేవ పనిచేయడం లేదు. దీనికి కారణం నేను చూసినంతలో నూటికి డెబ్బై ఎనభై పాళ్లు యాంటీవైరస్. విండోస్ సొంత ఫైర్‌వాల్‌తో పేచీ ఉండదు, డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్‌తో వచ్చే ఫైర్‌వాల్ ఉంటుంది చూడండి, అది కొత్తగా పుట్టిన నక్షత్రం కనెక్షన్‌ని 'పబ్లిక్ నెట్‌వర్క్' అనుకుని ఫోన్ అడిగిన అడ్రస్ అభ్యర్థనని లోపలికి రానివ్వదు. పది నిమిషాలు ఆ ఫైర్‌వాల్ ఆపి చూడండి. వస్తే, దాని సెట్టింగ్స్‌లో ఆ అడాప్టర్‌ని హోమ్ లేదా ట్రస్టెడ్ అని మార్చి ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి. ఆపేసి అలాగే వదిలేయకండి.

ఫోన్ కనెక్ట్ అయింది, కానీ నెట్ లేదంటారా, ఫోన్ వైఫై వివరాల్లోకి వెళ్లి ఐపీ అడ్రస్ చూడండి. 192.168.137తో మొదలైతే ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంకె ఇదే, అంటే ఫోన్‌కీ పీసీకీ మధ్య అంతా సవ్యంగా ఉంది, పీసీ వెనక దారి తప్పు, తప్పు కనెక్షన్ పంచుతున్నారు, షేరింగ్ ట్యాబ్‌కి మళ్లీ వెళ్లండి. 169.254తో మొదలైతే (ఇది ఎక్కువగా ఇంకో ల్యాప్‌టాప్ కనెక్ట్ చేసినప్పుడు కనిపిస్తుంది) ఎవరూ అడ్రస్ ఇవ్వకపోతే తనకు తనే పెట్టుకున్న అడ్రస్ అది, మళ్లీ ఫైర్‌వాల్ దగ్గరికి పదండి. ఈ ఒక్క అంకె చూడకుండా డ్రైవర్లు తీసి మళ్లీ వేసుకుంటూ, విండోస్ రీసెట్ కొట్టుకుంటూ రాత్రంతా గడిపినవాళ్లను చూశాను.

డాంగిల్ గురించి. తప్పు దానిది కాదన్నాను కానీ దాన్నుంచి మరీ ఎక్కువ ఆశించకండి. పెట్టె మీద 150 అని ఉంటే అది 2.4లో వెడల్పు ఛానెల్ దొరికినప్పుడు కాగితం మీద లెక్క. అపార్ట్‌మెంట్లలో అందరి రూటర్లూ 2.4లోనే అరుస్తుంటాయి కాబట్టి మామూలు ఛానెల్‌లో ఒక యాంటెన్నాకి 72 ఎంబీపీఎస్ లింకు వస్తుంది, అందులో నిజంగా చేతికొచ్చేది సగం. మీ ప్లాన్ 100 అయితే ఫోన్‌లో ముప్పై చిల్లర చూసి కేబుల్ అబ్బాయితో గొడవపడకండి. ముందు పీసీలోనే స్పీడ్ చూడండి. పీసీలోనూ తక్కువ వస్తే ఈథర్‌నెట్ స్టేటస్‌లో స్పీడ్ ఎంత రాసి ఉందో చూడండి. 100 ఎంబీపీఎస్ అని ఉంటే వైరులో ఎనిమిది తీగల్లో నాలుగే పనిచేస్తున్నాయని కావొచ్చు, మన దగ్గర రెండు జతలే కలిపి చుట్టేసే అలవాటు ఉంది. 10 అని ఉంటే మాత్రం కనెక్టర్ ఊడిపోయేలా ఉంది, మళ్లీ క్రింప్ చేయించండి.

డాంగిల్ ఎక్కడ గుచ్చారు? సీపీయూ వెనకా? తీసేయండి. ఇనుప డబ్బా వెనక, గోడవైపు తిరిగి, మంచం పక్కన ఉన్న ఫోన్‌కి సిగ్నల్ ఎలా వెళ్తుంది. దీంతోపాటు నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులతో ఇంకో తగాదా ఉంది, అవి పనిచేసేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే రేడియో గోల చేస్తాయి, ఇంటెల్ వాళ్లే 2012లో దీనిమీద ఒక పత్రం రాశారు. పక్క పోర్టులో ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పెట్టి సినిమా కాపీ చేస్తుంటే గదిలో అందరికీ వైఫై నత్తనడక నడవడానికి కారణం ఇదే. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, దాన్ని నల్లరంగు యూఎస్‌బీ 2 పోర్టుకి తగిలించి, డాంగిల్‌ని టేబుల్ మీదికో గోడ మేకుకో వేలాడదీయండి. వంద రూపాయల చిల్లర పని, చాలాసార్లు కొత్త డాంగిల్ కొన్నదానికంటే ఎక్కువ తేడా కనిపిస్తుంది. మీకున్న అదృష్టం ఏంటంటే నెట్ వైరు మీద వస్తోంది, డాంగిల్ రేడియో మొత్తం ఫోన్లకే. వైఫై తీసుకుని అదే కార్డుతో మళ్లీ వైఫై ఇచ్చేవాళ్లకు ఉన్న రేడియోనే రెండు వైపులా పంచుకోవాలి, స్పీడ్ సగం అక్కడే పోతుంది.

రెండు రోజులు బాగా నడిచి మూడోరోజు 'దానంతట అదే ఆగిపోతోంది' అంటారు, అందుకే ముందే చెప్తున్నా. హాట్‌స్పాట్ పేజీలోనే పవర్ సేవింగ్ అని ఒక స్విచ్ ఉంటుంది, ఎవరూ కనెక్ట్ అయి లేకపోతే కాసేపటికి హాట్‌స్పాట్‌ని ఆపేస్తుంది. ముగ్గురూ కాలేజీకి వెళ్లి వచ్చేసరికి ఆగిపోయి ఉంటుంది. దాన్ని ఆఫ్ చేయండి. పీసీ నిద్రపోతే హాట్‌స్పాట్ కూడా పోతుంది, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ని నెవర్ చేయాలి, స్క్రీన్ ఆరిపోవడం వేరే సంగతి, అది ఆరనివ్వండి. పీసీ రీస్టార్ట్ అయ్యాక షేరింగ్ టిక్ ఉన్నా నెట్ రాకపోవడం విండోస్ 10లో తెలిసిన జబ్బే. టిక్ తీసి, ఓకే కొట్టి, మళ్లీ టిక్ పెడితే లేస్తుంది. రోజూ చేయలేం అనుకుంటే సర్వీసెస్ జాబితాలో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ అనేదాన్ని ఆటోమేటిక్ చేయాలి, దానితోపాటు మైక్రోసాఫ్ట్ వాళ్లే సూచించిన 'ఎనేబుల్ రీబూట్ పర్సిస్ట్ కనెక్షన్' అనే రిజిస్ట్రీ (విండోస్ లోపలి సెట్టింగుల ఖాతా) విలువను 1 చేయాలి. రిజిస్ట్రీ అంటే చేయి వణికేవాళ్లు టిక్ తీసి పెట్టుకోవడమే నయం. ఈ హాట్‌స్పాట్‌కి 8 పరికరాలే పరిమితి, ముగ్గురికి చాలు, పుట్టినరోజు నాడు గదినిండా జనం వచ్చినప్పుడు తొమ్మిదోవాడికి రాకపోతే డాంగిల్‌ని తిట్టకండి.

లాగిన్ పేజీ ఉన్న హాస్టల్ నెట్ వాళ్ల కోసం ఒక మాట. పీసీలో లాగిన్ అయితే వెనకున్న ఫోన్లన్నీ ఆ ఒక్క లాగిన్ మీదే వెళ్తాయి, బయటికి ఒక్క మెషీనే కనిపిస్తుంది. సౌకర్యంగానే ఉంది, కానీ మీ రూమ్మేట్ స్నేహితుడి స్నేహితుడు ఏం డౌన్‌లోడ్ చేసినా లాగ్‌లో పడేది మీ హాల్ టికెట్ నంబరే. పంచుకోకూడదని నిబంధన ఉన్న చోట ఎవరికీ తెలియదులే అనుకోకండి, కనిపెట్టడం పెద్ద కష్టం కాదు. విండోస్ పంపే ప్రతి ప్యాకెట్ మీద 128 అని ఒక ఆయుష్షు లెక్క ఉంటుంది, ఫోన్లు 64తో పంపుతాయి, మధ్యలో మీ పీసీ దాటినప్పుడు ఒకటి తగ్గి 63 అవుతుంది. ఒకే అడ్రస్ నుంచి 128లూ 63లూ కలిసి వస్తుంటే చూసేవాడికి అర్థమైపోతుంది. వార్డెన్‌ని అడిగి పెట్టుకోండి. మీ కేబుల్ నెట్ సంగతి వేరు, డబ్బు ముగ్గురూ కలిసి కడుతున్నారు, గదిలో పంచుకుంటున్నారు. పాస్‌వర్డ్ మాత్రం 12345678 పెట్టి పక్క గదికి కూడా ధారపోయకండి. ప్లాన్‌కి నెలవారీ పరిమితి ఉంటే ఫోన్లలో మీ హాట్‌స్పాట్‌ని మీటర్డ్, అంటే డేటాకి లెక్క ఉన్నది, అని గుర్తుపెట్టండి. ఫోన్లు వైఫై కనిపించగానే ఉచితం అనుకుని ఫోటోలు, అప్‌డేట్లు అన్నీ లాగేస్తాయి, పదో తారీఖుకే స్పీడ్ పడిపోతుంది.

లినక్స్ వాడే పిల్లలకు రెండు ముక్కలు, మీ మూడో రూమ్మేట్ ఉబుంటు అన్నారు కదా. వైఫై సెట్టింగ్స్‌లో మూడు చుక్కల మెనూలో హాట్‌స్పాట్ ఆన్ చేయమని ఉంటుంది, నెట్‌వర్క్ మేనేజర్ మిగతాదంతా చూసుకుంటుంది, అడ్రసులు 10.42.0తో మొదలవుతాయి. డైలర్ గొడవ విండోస్‌లో ఉన్నంత ఇందులో ఉండదు, నెట్ ఎటునుంచి వస్తే అటు పంపిస్తుంది. ఫోన్ కనెక్ట్ అయి నెట్ మాత్రం రాకపోతే, డాకర్ (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) వేసుకున్నారా అని అడగండి. డాకర్ తన భద్రత కోసం పీసీ గుండా వెళ్లే ట్రాఫిక్‌ని మూసేస్తుంది, హాట్‌స్పాట్ దానికి బలవుతుంది. ఇంటెల్ కార్డుల్లో చాలావాటితో లినక్స్‌లో 5 గిగాహెర్ట్జ్ హాట్‌స్పాట్ పెట్టనివ్వదు, దేశాల రేడియో నిబంధనల పేరుతో కార్డు లోపలే తాళం ఉంటుంది, 2.4తో సర్దుకోవాలి. మ్యాక్ ఉన్నవాళ్లకు సిస్టమ్ సెట్టింగ్స్‌లో జనరల్, షేరింగ్, ఇంటర్నెట్ షేరింగ్. వైరు నెట్ తీసుకుని వైఫైగా ఇవ్వడం దానికి వెన్నతో పెట్టిన విద్య. వైఫై తీసుకుని వైఫైగా ఇవ్వదు అంతే.

'ఒక్క క్లిక్‌తో హాట్‌స్పాట్' అని దొరికే ఉచిత సాఫ్ట్‌వేర్ల జోలికి వెళ్లకండి. అవి చాలామటుకు చేసేది పైన చెప్పిన విండోస్ పనే, పైన ఒక రంగుల బటన్ పెడతాయి, ఊరికే పెట్టవు, బ్రౌజర్ హోమ్ పేజీ మార్చేసి ప్రకటనలు తెచ్చి కూర్చోబెడతాయి. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడిగి మరీ మీ నెట్ దారిలో కూర్చుంటాయి, ఎవరివో తెలియని ప్రోగ్రాముకి ఆ స్థానం ఇవ్వడం నాకు నచ్చదు.

నా సలహా సూటిగా అడిగితే, పరీక్షలయ్యేదాకానో, గది మారేదాకానో అయితే ఈ హాట్‌స్పాట్‌తో నడిపించండి. ఏడాది ఉంటాం అంటే ముగ్గురూ చందా వేసుకుని ఒక మామూలు రూటర్ కొనండి, దానిలోనే ఆ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టేయండి. కేబుల్ వాళ్లు కనెక్షన్‌ని మీ పీసీ మ్యాక్ అడ్రస్‌కి (నెట్‌వర్క్ కార్డుకి ఉండే సొంత గుర్తింపు నంబరు, యాపిల్ మ్యాక్ కాదు) కట్టేసి ఉంటే రూటర్‌లో మ్యాక్ క్లోన్ అని ఉంటుంది, లేదా వాళ్లకే చెప్పి మార్పించుకోండి. రూటర్‌కి డబ్బు దండగ అంటారా, లెక్క చూడండి. డెస్క్‌టాప్ ఖాళీగా తిరిగినా 70 వాట్లు తింటుందనుకుందాం, రోజంతా హాట్‌స్పాట్ కోసం ఆన్‌లో పెడితే నెలకు 50 యూనిట్లు. రూటర్ 6 వాట్లు, నెలకు నాలుగు యూనిట్ల చిల్లర. ఓనర్ యూనిట్‌కి ఏడెనిమిది రూపాయలు వసూలు చేసే గదుల్లో నాలుగు నెలల్లో రూటర్ ఖర్చు వచ్చేస్తుంది. కరెంటు పోయినప్పుడు చిన్న రూటర్ యూపీఎస్ మీద రూటర్ గంటలకొద్దీ బతుకుతుంది, డెస్క్‌టాప్‌తో ఆ మాట అనుకోలేం.

ప్రస్తుతానికి ముందు ఆ డైలర్ షేరింగ్ చేసి చూడండి. రాకపోతే మూడు సంగతులు రాయండి: ఫోన్‌లో కనిపిస్తున్న ఐపీ అడ్రస్, షేరింగ్ టిక్ దేనిమీద ఉంది, యాంటీవైరస్ పేరు. యాంటీవైరస్ ట్రయల్ అయిపోయి ఆర్నెల్లయినా అలాగే ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి, గడువు అయిపోయినా కొన్నిటి ఫైర్‌వాల్ కాపలా మాత్రం మానకపోవచ్చు.